తుప్పు కాని తుప్పు

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

రాగి మీద, ఇత్తడి మీద పచ్చగా పట్టేదానికి చిలుము అని వేరే పేరు పెట్టుకున్న మన భాష, ఇనుము దగ్గరకొచ్చేసరికి తుప్పు అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంది. ఇనుము మీద ఎర్రగా ఏది కనిపించినా తుప్పే అంటాం. నీళ్ళు తగిలింది కాబట్టి పట్టిందంటాం, రంగు పూస్తే పోతుందంటాం. చాలాసార్లు ఈ మాట నిజమే. కాని అన్నిసార్లూ కాదు. నీళ్ళతో నిమిత్తం లేకుండా, గట్టిగా బిగించి వున్న రెండు ఇనుప భాగాలు కంటికి కనపడనంత కదలికతో ఒకదానినొకటి రాసుకుంటూ రాల్చే ఎర్రపొడి ఒకటున్నది. చూడడానికి అదీ తుప్పులాగే వుంటుంది. దానికి రంగు పూస్తే రోగం దాక్కుంటుందే గాని తగ్గదు. ఈ రెంటికీ తేడా ఎలా కనిపెట్టాలో, దేనికి ఏ వైద్యం చేయాలో ఈ వ్యాసంలో వివరించదలిచాను. ఇందుకు తీసుకున్న ఉదాహరణ మాత్రం మన వూళ్ళ రోడ్ల మీద సాధారణంగా కనిపించని బండి.

బండి సంగతి

మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో వుద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ క్రితం ఒకరి దగ్గర పాత మూడు చక్రాల మోటారు సైకిలు కొన్నాడు. కొన్న వేసవిలోనే ముందు పుల్లీ మధ్యభాగం చుట్టూ ఎర్రగా పట్టడం చూశాడు. అక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు వల్ల తుప్పు పట్టిందని చెప్పి మెకానిక్కు శుభ్రంగా తుడిచి రంగు పూశాడు. నెల తిరక్కుండానే రంగు అంచుల క్రింది నుంచి మళ్ళీ ఎర్రపొడి వచ్చింది. మళ్ళీ రంగు వేయించాడు. మళ్ళీ వచ్చింది. అప్పుడు నాకు ఫోటో పంపి, "ఒరేయ్ తమ్ముడూ, మీ కెమిస్ట్రీ పుస్తకంలో దీనికేమన్నా మందుందేమో చూడరా. మీ వదిన ఈ బండెక్కనంటోంది" అన్నాడు. వదినగారి భయం ఉత్త భయం కాదని ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

మన ఆటోరిక్షాకు ముందు ఒక చక్రం, వెనుక రెండు. ఇంజను బలం గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మీదుగా వెనుక రెండు చక్రాలకూ పంచుకుపోతుంది. మధ్యలో బెల్టు వుండదు. మా అన్నయ్య బండి దీనికి తలక్రిందులు. ముందు రెండు చక్రాలు, వెనుక ఒక్కటే. ఈ అమరిక కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని మాల్వెర్న్ పట్టణంలో మోర్గన్ అనే ఇంజనీరు 1909లోనే ఇలా ముందు రెండు, వెనుక ఒక చక్రం వుండే బండిని తయారు చేశాడు. ఆ రోజుల్లో వెనుక చక్రాన్ని గొలుసుతో తిప్పేవారు. ఆ కంపెనీయే 2011లో మూడు చక్రాల బండిని మళ్ళీ తీసుకొచ్చినప్పుడు వెనుక చక్రానికి గొలుసు బదులు పళ్ళ బెల్టు పెట్టింది. అంతకుముందే, 1980లో, అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ స్టర్జిస్ అనే మోటారు సైకిలుకు పళ్ళ బెల్టు వాడింది.

బెల్టు అనగానే పిండిమర దగ్గర కనిపించే పట్టా బెల్టును వూహించుకోకండి. ఇది వెడల్పాటి రబ్బరు బెల్టు, లోపలి వైపున వరసగా పళ్ళు వుంటాయి. సాగిపోకుండా లోపల బలమైన దారాలు వేస్తారు. కెవ్లార్ అలాంటి దారమే. దానిని 1965లో డ్యూపాంట్ కంపెనీలో పనిచేసే స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు కనిపెట్టింది. ఈ బెల్టుకు నూనె అక్కరలేదు, గొలుసులా చప్పుడు చేయదు.

ఈ బెల్టును రెండు పుల్లీలు మోస్తాయి. పెద్దది వెనుక చక్రానికి, చిన్నది గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే షాఫ్టుకు. చిన్న పుల్లీ షాఫ్టు మీద జారకుండా తిరగాలి కదా! అందుకని షాఫ్టు చివర పొడుగునా గాడులు కోస్తారు. పుల్లీ మధ్య రంధ్రంలో ఆ గాడులకు సరిపడే పళ్ళు వుంటాయి. వీటినే స్ప్లైన్లు అంటారు. రైతుబిడ్డలకు ఇది బొమ్మ గీసి చెప్పనక్కరలేదు. ట్రాక్టరు వెనుక రోటవేటరుకు తగిలించే పి.టి.ఓ. షాఫ్టు వున్నదే, అది ఇలాంటిదే. సుమారు 35 మిల్లీమీటర్ల లావు, 6 పళ్ళు, నిమిషానికి 540 చుట్లు. మోటారు సైకిలు షాఫ్టు మీద పళ్ళు ఇంకా సన్నగా, ఎక్కువగా వుంటాయి. పుల్లీని పళ్ళ మీదికి ఎక్కించి, ఊడిరాకుండా చివర ఒక పెద్ద బోల్టు బిగిస్తారు. మన కథంతా ఈ పళ్ళ మధ్యనే జరుగుతుంది.

మామూలు తుప్పు

తుప్పు పట్టడానికి గాలీ, నీరూ రెండూ కావాలని హైస్కూల్లోనే చదువుకున్నాం. ఇనుము మీద నీటిపొర నిలిచినప్పుడు ఒకచోట ఇనుము ఎలక్ట్రానులు వదిలి అయానులుగా నీటిలోకి దిగుతుంది. మరొకచోట ఆక్సిజన్, నీరు ఆ ఎలక్ట్రానులను అందుకొని హైడ్రాక్సైడు అయానులవుతాయి. ఇవి కలిసి చివరకు నీటిని తనలో కలుపుకున్న ఫెర్రిక్ ఆక్సైడుగా మిగులుతాయి. అదే తుప్పు. పసుపు కలిసిన గోధుమ రంగులో, పొరలు పొరలుగా, వేలితో గీకితే రాలేటట్లు వుంటుంది. నీటిలో ఉప్పు కలిస్తే కరెంటుకు దారి సులువై పని త్వరగా అవుతుంది. సముద్రపు గాలి తగిలే వూళ్ళల్లో కిటికీ వూచలు చూడండి, అర్థమవుతుంది.

ఈ తుప్పుకు మందు తేలిక. గాలినీ నీటినీ ఇనుముకు అందనీయకపోతే చాలు. రంగు, గ్రీజు, జింకు పూత అన్నీ ఆ పని చేసేవే. బయట అమ్మే కొన్ని తుప్పు మందులలో టానిన్ వుంటుంది. అది తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరగా మారుతుంది. ఇదీ మనకు తెలియని విద్య కాదు. కరక్కాయలో వుండేది టానినే. కరక్కాయ రసంలో అన్నభేది కలిపి మన పెద్దలు సిరా చేసుకున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ వారు గుడ్డను కరక్కాయలో నానబెట్టి, బెల్లపు నీళ్ళలో పాత ఇనుము వూరవేసిన ద్రవంతో గీతలు గీస్తే అవి నల్లబడతాయి. ఆ రసాయన చర్యే తుప్పు మందు డబ్బాలోనూ వున్నది.

రెండవ రకం

1911లో ఈడెన్, రోజ్, కన్నింగ్‌హామ్ అనే ముగ్గురు ఇంగ్లండులో ఉక్కు కడ్డీల మన్నిక పరీక్షిస్తూ ఒక విచిత్రం చూశారు. కడ్డీని గట్టిగా పట్టుకున్న యంత్రపు దవడల దగ్గర గోధుమ రంగు పొడి చేరుతోంది. అక్కడ తడి లేదు. 1927లో టామ్లిన్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్నే పట్టుకొని ప్రయోగాలు చేశాడు. ఉక్కు ముక్కలను ఒకదానిమీద ఒకటి నొక్కిపెట్టి అతి స్వల్పంగా కదిపి చూశాడు. కదలిక వున్నప్పుడే పొడి వచ్చింది. ఎంత గట్టిగా నొక్కినా, జారుడు లేకపోతే పొడి లేదు. దీనికాయన ఫ్రెట్టింగ్ కరోజన్ అని పేరు పెట్టాడు. మనం రాపిడి తుప్పు అనుకుందాం.

జరిగేది ఇది. ఎంత నునుపుగా కనిపించే ఉక్కు మీదనైనా సూక్ష్మమైన గుట్టలు, గుంటలు వుంటాయి. రెండు ముఖాలను నొక్కితే గుట్టల కొనలే ఒకదానినొకటి తాకుతాయి, అక్కడ అతుక్కుంటాయి కూడా. ముఖం ఇటో మైక్రాను, అటో మైక్రాను జరిగేసరికి ఆ కొనలు తెగి పొడి అవుతాయి. అప్పుడే తెగిన ఇనుము చాలా ఆకలి మీద వుంటుంది. గాలిలో ఆక్సిజన్ తగిలిన మరుక్షణం ఆక్సైడుగా మారుతుంది. కదలిక పెద్దదైతే పొడి బయటికి తోసుకుపోతుంది. ఇక్కడ కదలిక వెంట్రుక మందం కూడా లేదు, పొడి బయటికి పోలేదు. ఉన్నచోటనే వుండి మళ్ళీ రాస్తుంది. ఈ ఫెర్రిక్ ఆక్సైడు మామూలు ఇనుము కన్నా గట్టిది. బంగారు నగలకు మెరుగు పెట్టే ఎర్రపొడి కూడా ఈ పదార్థమే. అంటే పుల్లీ పళ్ళ మధ్య మెరుగు పెట్టే పొడి పోసి రాత్రింబవళ్ళు రుద్దుతున్నట్లే లెక్క!

మరొక చిక్కున్నది. ఇనుము ఫెర్రిక్ ఆక్సైడుగా మారితే దాని ఘనపరిమాణం సుమారు 2.1 రెట్లవుతుంది. అణుభారాలు, సాంద్రతలు తీసుకొని మీరే లెక్క కట్టి చూడవచ్చు. పొడికి చోటు చాలక అంచులలోంచి బయటికి వస్తుంది. మా అన్నయ్య రంగు అంచుల క్రింద చూసింది దానినే.

ఇక చిత్రమైన సంగతి. 1954లో ఫెంగ్, ఊలిగ్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాలలో ఈ అరుగుదల తేమ గాలిలో కంటే పొడి గాలిలోనే ఎక్కువ అని, నైట్రోజన్‌లో బాగా తక్కువ అని తేలింది. మామూలు తుప్పుకు ప్రాణమైన తేమ, ఇక్కడ కాస్త కందెనలా పనిచేసి మేలు చేస్తుందన్నమాట! అంతకుముందు 1930లలో అమెరికాలో కొత్త కార్లను రైళ్ళ మీద దూరప్రాంతాలకు పంపితే, ఒక్క మైలు కూడా నడవని కార్ల చక్రాల బేరింగులు గుంటలు పడి దిగేవి. రైలు కుదుపులకు బేరింగు బంతులు ఉన్నచోటనే వణకడం వల్ల వచ్చిన అరుగుదల అది. జనరల్ మోటార్స్ పరిశోధకుడు ఆల్మెన్ 1937లో దీని గురించి వ్రాశాడు. కదలని బండికి కూడా కదలిక వల్ల రోగం వస్తుందని దీనివల్ల తెలుస్తోంది.

కదలని పుల్లీ ఎంత దూరం నడుస్తుంది?

బోల్టు బిగించిన పుల్లీ కదలడమేమిటని ఎవరైనా అడగవచ్చు. చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి.

ఇంజను తిప్పుడు బలం 100 న్యూటన్ మీటర్లనుకోండి. మొదటి గేరులో అది 5 రెట్లయి షాఫ్టు దగ్గరకు 500 న్యూటన్ మీటర్లుగా వస్తుంది. షాఫ్టు పళ్ళు కేంద్రం నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో వున్నాయి. 500ను 0.015తో భాగిస్తే సుమారు 33,300 న్యూటన్లు. అంటే 3,400 కిలోల బరువు! 75 కిలోల ధాన్యం బస్తాలు 45 ఎత్తి ఆ చిన్న పళ్ళ మీద పెట్టినట్లు.

బెల్టు ఎప్పుడూ వెనుకకే లాగుతుంది. షాఫ్టు మాత్రం తిరుగుతూ వుంటుంది. కాబట్టి ప్రతి పన్నూ చుట్టుకొకసారి లాగుడు వైపుకు వచ్చి నొక్కుకుంటుంది, అవతలి వైపుకు పోయి సడలుతుంది. బోల్టు బిగువు బాగుంటే పుల్లీ పక్కముఖం షాఫ్టు మెట్టుకు గట్టిగా ఆనుకొని ఈ కదలికను ఆపుతుంది. బిగువు తగ్గినా, పళ్ళు మొదటినుంచీ వదులుగా వున్నా, బెల్టు మరీ బిర్రుగా లాగి వున్నా పుల్లీ చుట్టుకొకసారి అటూ ఇటూ వూగుతుంది.

ఆ వూగు 20 మైక్రాన్లే అనుకుందాం. అటు 20, ఇటు 20, చుట్టుకు 40 మైక్రాన్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చిన్న పుల్లీ సెకనుకు దాదాపు 30 చుట్లు తిరుగుతుందనుకుంటే, గంటకు 1,08,000 చుట్లు. దానిని 40 మైక్రాన్లతో గుణిస్తే 4.32 మీటర్లు. కదలదనుకున్న పుల్లీ, నూనె చుక్క లేకుండా, అంత బరువు క్రింద గంటకు నాలుగు మీటర్ల పైన రాసుకుంటోంది! వంద గంటల ప్రయాణానికి 432 మీటర్లు. ఆకురాయి పట్టుకొని అంత దూరం రుద్దితే ఏ ఉక్కు నిలుస్తుంది?

పళ్ళు అరిగేకొద్దీ వదులు పెరుగుతుంది, వదులు పెరిగేకొద్దీ అరుగుదల పెరుగుతుంది. చివరకొక రోజు పళ్ళు పూర్తిగా తెగి, ఇంజను తిరుగుతూనే వుంటుంది గాని చక్రానికి బలం అందదు. ఇది ఇంటి ముందర జరిగితే నష్టం డబ్బుతో పోతుంది. లారీని దాటేటప్పుడు జరిగితే? వదినగారు బండెక్కనన్నది అందుకే ఉత్త భయం కాదన్నాను.

జేగురు చెప్పే సాక్ష్యం

ఈ రెండు పొడులనూ రసాయనికంగా వేరు చేయడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మామూలు తుప్పులో నీరు కలిసి వుంటుంది. రాపిడి తుప్పులో ఎక్కువ భాగం నీరు లేని ఫెర్రిక్ ఆక్సైడు. ఇది జేగురు మన్నులో వుండే పదార్థమే. మన ఇళ్ళల్లో అరుగులకు పూసే ఆ ఎర్ర రంగును గుర్తు తెచ్చుకోండి.

మా కెమిస్ట్రీ లాబ్‌లో దీనిని పరీక్షించాం. పాత నాగటి కర్రు మీది తుప్పును ఒక పరీక్షనాళికలోనూ, మా వూళ్ళో చాలాకాలంగా గ్రీజు ఎరుగని ఒక రోటవేటరు షాఫ్టు పళ్ళ మధ్యనుంచి తీసిన పొడిని మరొక దానిలోనూ వేశాం. రెంటినీ ముందు అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, ఒకే తీరుగా వేడి చేశాం. కర్రు తుప్పు వేసిన నాళికలో చల్లగా వున్న పై భాగాన సన్నని నీటి బిందువులు చేరాయి. క్రింద పొడి పసుపు ఛాయ పోయి ఎర్రబడింది. షాఫ్టు పొడి ముందే ఎర్రగా వున్నది. దానికి చెప్పుకోదగ్గ మార్పు లేదు, నీటి చెమ్మా కనిపించలేదు. చేయదలచినవారు నూనె జిడ్డును మాత్రం బాగా కడగాలి. లేకపోతే పొగ తప్ప ఏమీ కనిపించదు.

బండి దగ్గర గుర్తుపట్టడం

పరీక్షనాళిక లేని చోట కన్నే సాధనం. మూడు విషయాలు చూడాలి.

మొదటిది, చోటు. మామూలు తుప్పు నీరు తగిలే చోటల్లా, ముఖ్యంగా పెచ్చు లేచిన చోట పడుతుంది. పుల్లీ పళ్ళ ముఖాల మీద పలచగా పట్టినది వర్షంలో నిలిపినందువల్ల వచ్చిందే. బండి నాలుగు రోజులు నడిస్తే బెల్టే దానిని తుడిచేస్తుంది. రాపిడి తుప్పు పుల్లీ, షాఫ్టు కలిసే సందులోంచి పుడుతుంది. తిరిగే వేగానికి విసిరినట్లుగా, మధ్యనుంచి బయటికి సూర్యకిరణాల లాగా చారలు కనిపిస్తాయి.

రెండవది, తిరిగి రావడం. గుడ్డతో శుభ్రంగా తుడిచి, వాన పడని రోజుల్లో రెండు వందల కిలోమీటర్లు నడిపి మళ్ళీ చూడాలి. పొడి రోజుల్లోనూ ఎర్రపొడి తిరిగి వచ్చిందంటే అది నీటి పని కాదు.

మూడవది, కదలిక. బోల్టు తల మీదనుంచి పుల్లీ మీదికి సన్నని రంగు గీత ఒకటి గీయాలి. కొన్నాళ్ళకు గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బోల్టు సడలింది. ఇంజను ఆపి, గేరులో పెట్టి, వెనుక చక్రాన్ని చేత్తో అటూ ఇటూ కదిపినప్పుడు షాఫ్టు కదలక ముందే పుల్లీ కదిలితే పళ్ళు అరిగాయి. అయితే గీత కదలకపోయినా, చేతికి ప్లే తెలియకపోయినా రోగం లేదని చెప్పలేం. మొదటి రెండు గుర్తులూ వుంటే చాలు, విప్పి చూడాల్సిందే.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా పుల్లీ దగ్గర గుడ్డ, బ్రష్షు, చెయ్యి ఏదీ పెట్టకూడదు. నూర్పిళ్ళ మిషను బెల్టులో పంచె అంచో, చీర చెంగో చిక్కితే ఏమవుతుందో పల్లెటూరివాళ్ళకు చెప్పనక్కరలేదు. చక్రాన్ని చేత్తో తిప్పేటప్పుడు కూడా బెల్టుకూ పుల్లీకీ మధ్య వేలు పడకుండా చూసుకోవాలి.

వైద్యం

మామూలు తుప్పయితే ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చేసి, పుల్లీ పక్కముఖానికి తుప్పు మందు, ఆపైన రంగు వేయవచ్చు. పళ్ళ ముఖాలకు మాత్రం రంగు పూయకూడదు. బెల్టు కూర్చునే చోటు అది. బెల్టుకు నూనె, కిరసనాయిలు, యాసిడ్ ఏవీ తగలకూడదు. పుల్లీ పళ్ళ మీద తుప్పు లోతుగా తిని గుంటలు పడితే ఆ గుంటల అంచులు బెల్టును కోస్తాయి. అప్పుడు పుల్లీ మార్చడమే మంచిది.

రాపిడి తుప్పయితే పుల్లీ విప్పక తప్పదు. పైనుంచి గ్రీజు కూరితే సరిపోదా అంటే సరిపోదు. బిగుతుగా వున్న సందులోకి అది పూర్తిగా పోదు. పోయినంత మేరకు ఎర్రపొడితో కలిసి వాల్వులు నూరే పేస్టు లాగా తయారవుతుంది. విప్పిన తర్వాత పొడి అంతా కడిగి, పళ్ళను వెలుతురులో చూడాలి. పన్ను పక్కన మెట్టు పడి వున్నా, కొన పదునెక్కి రంపపు పన్నులా వున్నా ఆ పుల్లీ పనికిరాదు. షాఫ్టు పళ్ళను మరింత శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే పుల్లీ మార్చడం తేలిక, షాఫ్టు మార్చాలంటే గేర్‌బాక్సు విప్పాలి. అరిగిన షాఫ్టు మీద కొత్త పుల్లీ ఎక్కిస్తే ఆ పుల్లీకీ అదే గతి.

పళ్ళు బాగుంటే మాలిబ్డినం డైసల్ఫైడు ఎక్కువగా వున్న పేస్టు పలచగా రాసి ఎక్కించాలి. ఇది పలకలు పలకలుగా జారే నల్లటి పదార్థం, ఒత్తిడికి గ్రీజులా పక్కకు తప్పుకోదు. ఆ తర్వాత అసలైన పని: తయారీదారు పుస్తకంలో చెప్పినంత బిగువుకు బోల్టును టార్క్ రెంచితో బిగించాలి. పొడవాటి పానాతో బలం కొద్దీ లాగడం కొలత కాదు. కొత్త బోల్టు వేయమని పుస్తకం చెబితే పాతది వాడకూడదు. బెల్టు బిగువు కూడా చెప్పినంతే వుండాలి. బిర్రుగా వుంటే మంచిదని ఎక్కువ లాగితే చుట్టుకొకసారి పన్ను మీద పడే దెబ్బ పెరుగుతుంది.

మా అన్నయ్యకు ఇదే చెప్పాను. "అన్నయ్యా, ఇక రంగు పూయించకు. పుల్లీ విప్పించు" అన్నాను. విప్పితే పుల్లీ లోపలి పళ్ళు సగానికి పైగా అరిగి వున్నాయి. షాఫ్టు పళ్ళు మాత్రం నిలిచాయి. కొత్త పుల్లీ, కొత్త బోల్టు, చిటికెడు పేస్టు, కొలిచిన బిగువు, అంతే వైద్యం. రెండుసార్లు పూసిన రంగు చేసిందల్లా, ఆ నెలలపాటు అరుగుదలను కంటికి కనపడకుండా దాచడమే.

మన ఇళ్ళ దగ్గర

ఇదంతా అమెరికాలో ఎవరి బండి సంగతో మనకెందుకని అనుకోవద్దు. మన చుట్టూ బిగించి తిప్పే చోట్లు ఎన్ని లేవు! ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టుకు తగిలించే యోకు, పంపుసెట్టు మోటారుకూ పంపుకూ మధ్య కప్లింగు, పిండిమర పుల్లీకి వేసే కీ, అన్నిట్లోనూ ఇదే జబ్బు పుట్టవచ్చు. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన వేయడం మన తాతలకు తెలుసు. అక్కడ చక్రం తిరగడం కళ్ళకు కనిపిస్తుంది గనుక కందెన గుర్తుకొస్తుంది. కదలదనుకున్న చోట కందెన సంగతి ఎవరికీ తోచదు. సీజను మధ్యలో, దమ్ము చేసే రోజుల్లో షాఫ్టు పళ్ళు తెగితే మడి ఎండుతుంది, కూలీలు తిరిగిపోతారు, అద్దె ట్రాక్టరు కోసం వూరంతా తిరగాలి. చేరెడు పేస్టు ఖర్చుకూ, ఆ నష్టానికీ పోలిక లేదు.

సైన్సు విద్యార్థులుగా మనం చేయగల పని ఒకటున్నది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పాత తెల్లగుడ్డ తీసుకొని, యంత్రాలు ఆగి వున్నప్పుడు ఈ చోట్లన్నీ ఒకసారి తుడిచి చూడండి. గుడ్డకు అంటింది పసుపు ఛాయలో వుందా, జేగురు రంగులో వుందా గమనించండి. వారం తర్వాత మళ్ళీ తుడవండి. పొడి ఏ సందులోంచి వస్తోందో తేలేవరకు రంగు డబ్బా మూత తీయకండి.